గడ్డి మిషన్ చేతులెత్తేసింది, బదులు ఏది కొనాలి? (ఇంటి పెరడు, పాకాల దగ్గర మామిడి తోపు)

పేరూరు పెరడు | అక్టోబర్ 12, ఉదయం 6.50

అందరికీ నమస్కారం. ఆరేళ్ల కిందట కొన్న టూ స్ట్రోక్ (పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోసే) బ్రష్ కట్టర్ మొన్న ఆదివారం ఆగిపోయింది. బెల్టుతో పక్కకు తగిలించుకునే రకం. 52 సీసీ అని స్టిక్కర్ ఉంది, కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. పది రోజులుగా ఛోక్ వేస్తే స్టార్ట్ అయ్యేది, ఛోక్ తీసి రేజ్ చేయగానే ఆగిపోయేది. ఆదివారం ఆ మాత్రం కూడా లేదు. తాడు లాగి లాగి నా భుజం పట్టేసింది, గడ్డి మాత్రం అట్లాగే నిలబడి ఉంది.

పని సంగతి చెబుతాను. పేరూరు దగ్గర ఇల్లు, మొత్తం 15 సెంట్లు. ఇల్లు పోను పన్నెండు సెంట్ల దాకా ఖాళీ. కొబ్బరి, సపోటా, నాలుగు మల్లె పొదలు, మిగతాదంతా గరిక, తుంగ, వయ్యారిభామ. ఇది కాక పాకాల దగ్గర మా నాయన నాటిన తోతాపురి తోపు రెండెకరాలు. నేను నెలకు రెండుసార్లు వెళ్తాను. అక్కడ చూసుకునే మనిషి ఉన్నాడు, ఎక్కువగా మిషన్ పట్టేది ఆయనే.

రిపేరు అంగట్లో చూపిస్తే కార్బరేటర్, పిస్టన్ సెట్ కలిపి మూడు వేల ఎనిమిది వందలన్నారు. గ్యారంటీ ఏమీ లేదన్నారు. కొత్తదానికి 25 వేల దాకా పెట్టగలను, మరీ అవసరమైతే కొంచెం పైకి. టూ స్ట్రోకా, ఆయిల్ విడిగా పోసే ఫోర్ స్ట్రోకా, బ్యాటరీదా? వానలు మొదలయ్యాయి. ఇంకో మూడు వారాలు ఆగితే బావి దగ్గరికి దారి కూడా కనబడదు.

బంగారుపాళ్యం బుల్లెట్ | అక్టోబర్ 12, ఉదయం 7.20

అన్నా, అంత ఆలోచన ఎందుకు? ఆన్‌లైన్‌లో ఎనిమిది వేలకు వస్తోంది, బ్లేడ్లు, బెల్టు, కళ్లద్దాలు అన్నీ పెట్టెలోనే. రెండేళ్లు వాడు, పోతే ఇంకోటి తెచ్చుకో. పాతిక వేలు పెట్టి ఒకటి కొనే బదులు మూడు వస్తాయి.

స్పానర్ మామ | అక్టోబర్ 12, ఉదయం 8.15

బుల్లెట్ తమ్ముడూ, ఆ మూడింటినీ నా దగ్గరికే తెస్తావు కాబట్టి నాకు సంతోషమే.

పెరడు అన్నా, కొత్తది కొనే ముందు పాతది ఎందుకు పోయిందో తెలుసుకో. లేకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది. నేను చిత్తూరులో ఇవే బాగుచేస్తుంటాను. ఛోక్‌లో నడిచి, ఛోక్ తీస్తే ఆగిపోతోందంటే ఇంజిన్‌కు పెట్రోల్ చాలడం లేదు. ట్యాంకులో ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడు. పెట్రోల్ పైపు చీలితే గాలి లాగుతుంది, అదీ చూడు. చేత్తో నొక్కే రబ్బరు బుడ్డ గట్టిపడి ఉంటే మార్చు. ఇవన్నీ చిల్లర ఖర్చులు. కార్బరేటర్ లోపల పల్చటి రబ్బరు డయాఫ్రం ఉంటుంది, అది బిరుసెక్కినా ఇదే తంతు.

ఆ తర్వాత కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కిపట్టే బలం. పొడుగు రాడ్డు విప్పేసి, ప్లగ్ బిగించి ఉండగానే, స్టార్టర్ పిడి పట్టుకుని ఇంజిన్‌ను గాల్లోకి ఎత్తు. ఒక్కో కుదుపుతో ఆగి ఆగి కిందికి దిగితే ఇంకా ప్రాణం ఉన్నట్టు. జర్రున జారిపోతే కష్టం. సైలెన్సర్ బోల్టులు విప్పి లోపలికి టార్చి కొట్టు, పిస్టన్ కనబడుతుంది. నున్నగా ఉందా, నిలువు గీతలు ఉన్నాయా? చూసి చెప్పు.

ఇంకో మాట. 52 సీసీ స్టిక్కర్‌ను నమ్మొద్దు. ఈ రకం ఇంజిన్లలో పిస్టన్ నడిచే దూరం మామూలుగా 34 మి.మీ. పిస్టన్ అడ్డకొలత 44 మి.మీ. ఉంటేనే 52 సీసీ అవుతుంది. 40 ఉంటే అది 43 సీసీయే. నా దగ్గరికి 52 అని రాసుకుని వచ్చిన 43లు చాలానే చూశాను.

మల్లెపందిరి | అక్టోబర్ 12, ఉదయం 10.05

నేను తిరుచానూరు దగ్గర ఉంటాను. మాది 60 అంకణాల స్థలం. మూడేళ్లుగా బ్యాటరీ ట్రిమ్మర్ వాడుతున్నాను. తాడు లాగే పని లేదు, పొగ లేదు, పక్కింటి పాప పరీక్షలకు చదువుకుంటున్నా ఇబ్బంది లేదు. పేరూరు ఇంటికి మాత్రం ఇదే చాలండి. తోపు సంగతి నాకు తెలియదు.

నాయుడుపేట నేస్తం | అక్టోబర్ 12, ఉదయం 10.30

అక్కా, 60 అంకణాలంటే మీ తిరుపతి అంకణమా, మా నెల్లూరు అంకణమా? మీది 36 చదరపు అడుగులు, మాది 72. మీ లెక్కన ఐదు సెంట్లు, మా లెక్కన పది. 2022లో మమ్మల్ని తెచ్చి తిరుపతి జిల్లాలో కలిపారు గానీ అంకణాలు మాత్రం ఇంకా కలవలేదు.

మల్లెపందిరి | అక్టోబర్ 12, ఉదయం 10.41

తిరుపతి అంకణమే నేస్తం గారూ. ఐదు సెంట్లలో ఇల్లు పోగా మిగిలిందే నా రాజ్యం.

పాకాల తోపు | అక్టోబర్ 12, మధ్యాహ్నం 1.10

పెరడు అన్నా, మాదీ మీ తోపు వైపే. రెండెకరాలు మిషన్‌తో కోయాలని లెక్క వేసుకుంటున్నారేమో, ఆ లెక్కే తప్పు. అంత పెద్ద మిషన్ కావాలని అనిపించేది అక్కడే.

పాత తోపులు పది మీటర్ల ఎడంతో నాటినవి కదా, ఎకరాకు 40 చెట్లు. వరుసల మధ్య ట్రాక్టర్‌తో రోటవేటర్ తిప్పించేస్తే ఆ పని అయిపోతుంది. ట్రాక్టర్ వెళ్లలేని చోటే మనకు మిగిలేది, అంటే కొమ్మల కింద. మొదలు నుంచి చుట్టూ మూడు మీటర్లు అనుకుంటే ఒక్కో చెట్టు కింద 28 చదరపు మీటర్లు. 40 చెట్లకు లెక్క కడితే దాదాపు 28 సెంట్లు. అంటే వంద సెంట్లలో మిషన్ పట్టాల్సింది మూడో వంతు కూడా లేదు. రెండెకరాలకు 56 సెంట్లు, దానికి తోడు కంచె పొడుగునా, గెనిమల (గట్ల) మీద. ఏడాదికి మూడుసార్లు కోస్తే చాలు. వానలు తగ్గిన తర్వాత ఒకసారి, పూతకు ముందు ఒకసారి, కాయ కోతకు ముందు ఒకసారి. నేలన రాలిన కాయ గడ్డిలో కనబడకపోతే మండీ లెక్కలో పోయేది మన డబ్బే.

దీనికి 35 సీసీ చాలు. 52 సీసీ పట్టుకుని మధ్యాహ్నం దాకా తిరిగితే మీ మనిషి మరుసటి రోజు రాడు.

పాత చింతచెట్టు | అక్టోబర్ 12, సాయంత్రం 5.35

తోపు గారి లెక్క బాగుంది. నాది ఒక హెచ్చరిక. మొదలు దగ్గర నైలాన్ వైరుతో తిప్పేటప్పుడు ముదురు చెట్టుకు ఫరవాలేదు, లేత అంటు మొక్కలకు మాత్రం బెరడు చుట్టూ ఒలిచేస్తుంది. బెరడు చుట్టూ తెగితే ఆకులు తయారుచేసుకున్న ఆహారం వేళ్లకు దిగదు. మొక్క రెండు మూడు నెలలు పచ్చగానే కనబడి తర్వాత ఎండిపోతుంది, తెగులు అనుకుని మనం మందు కొడతాం. నేను అట్లా ఐదు బంగినపల్లి అంట్లు పోగొట్టుకున్నాను. ఇప్పుడు ప్రతి లేత మొక్క మొదలుకూ పాత పీవీసీ పైపు నిలువునా చీల్చి తొడుగుతున్నాను.

పేరూరు పెరడు | అక్టోబర్ 12, రాత్రి 9.20

స్పానర్ మామా, మీరు చెప్పినట్టే చేశాను. ఇంజిన్ ఎత్తితే జర్రున జారిపోయింది. సైలెన్సర్ తీసి చూస్తే పిస్టన్ మీద నిలువు గీతలు, దువ్వెనతో గీసినట్టు.

స్పానర్ మామ | అక్టోబర్ 12, రాత్రి 9.32

అయితే దాని పని అయిపోయింది. ఇప్పుడు నిజం చెప్పు, పెట్రోల్‌లో ఏ ఆయిల్ కలుపుతున్నావు? ఎంత?

పేరూరు పెరడు | అక్టోబర్ 12, రాత్రి 9.50

మొదటి మూడేళ్లు టూ స్ట్రోక్ ఆయిలే. ఆ తర్వాత స్కూటర్ సర్వీసింగ్‌లో మిగిలిన ఇంజిన్ ఆయిల్ డబ్బాలో ఉంటే అదే కలిపాను. కొలత అంటే... మూతతో ఒకటిన్నర. తోపులో ఆయన ఎంత కలిపాడో దేవుడికే తెలియాలి.

స్పానర్ మామ | అక్టోబర్ 12, రాత్రి 10.05

సరిపోయింది. నాలుగు స్ట్రోకుల బండికి వేసే ఆయిల్ ఇంజిన్ అడుగున నిలిచి ఉండటానికి చేసింది. టూ స్ట్రోక్ ఆయిల్ పెట్రోల్‌తో కలిసి లోపలికి వెళ్లి కాలిపోవడానికి చేసింది. ఒకటి పోయాల్సిన చోట ఇంకొకటి పోస్తే సగం కాలి బొగ్గు పడుతుంది, జిడ్డు పట్టాల్సిన చోట పట్టదు. డబ్బా మీద జాసో (జపాన్ వాళ్ల ప్రమాణం) ఎఫ్‌సీ గానీ ఎఫ్‌డీ గానీ ఉందో లేదో చూసి కొను.

కొలత కూడా మూతలతో కాదు. మాన్యువల్‌లో 25:1 అని ఉంటే లీటరుకు 40 మి.లీ. 40:1 అయితే 25 మి.లీ. 50:1 అయితే 20 మి.లీ. మందుల అంగట్లో సూది లేని సిరంజి దొరుకుతుంది, పది రూపాయలు. నీ పిస్టన్‌కు పది రూపాయల సిరంజి లేక మూడు వేల ఎనిమిది వందల బిల్లు వచ్చింది.

ఇంకోటి పెట్రోల్. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఈ చిన్న ఇంజిన్ల మాన్యువల్స్‌లో ఎక్కువగా 10 శాతం దాకానే అని రాసి ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ట్యాంకులో నెలల తరబడి వదిలేస్తే నీళ్లు అడుగుకు చేరతాయి, రబ్బరు భాగాలు పాడవుతాయి. పని అయిపోగానే ట్యాంకు వంచేసి, మిగిలిన చుక్కలతో ఆగిపోయే దాకా నడిపించి అప్పుడు మూలన పెట్టు. కలిపిన పెట్రోల్ నెల దాటితే మిషన్‌లో పోయొద్దు. నెలకు రెండుసార్లు వాడే నీలాంటి వాళ్లకే ఈ బాధ జాస్తి, రోజూ వాడేవాడి మిషన్ ఇట్లా పాడవదు.

బంగారుపాళ్యం బుల్లెట్ | అక్టోబర్ 13, ఉదయం 7.00

మామా, నేను రెండేళ్లుగా బైక్ ఆయిలే కలుపుతున్నా 😐

స్పానర్ మామ | అక్టోబర్ 13, ఉదయం 7.04

తెలుసు తమ్ముడూ. అందుకే సంతోషమే అన్నాను.

పలమనేరు పాడి | అక్టోబర్ 13, ఉదయం 9.15

నేను పశువులకు సూపర్ నేపియర్ కోయడానికి వాడతాను, కాబట్టి నా అనుభవం బ్లేడ్ల గురించి. ఇంటి పెరట్లో గరిక, తుంగకు నైలాన్ వైరు, 2.4 మి.మీ. చాలు. 35 సీసీకి మాన్యువల్ ఒప్పుకుంటే 3 మి.మీ. కూడా పెట్టవచ్చు. ఉత్తరేణి, తుత్తురబెండ లాగా కాడ గట్టిగా ఉన్న వాటికి మూడు పళ్ల బ్లేడు. నేపియర్‌కు, వరికి 80 పళ్ల గుండ్రటి బ్లేడు. సర్కారు తుమ్మ మొక్కలు వేలు లావు ఉన్నప్పుడే 40 పళ్ల బ్లేడుతో కోసేయాలి. బొటనవేలు దాటితే కొడవలో, గొడ్డలో, మిషన్ వద్దు.

వైరు వేసవిలో పెళుసుబారి పుటుక్కు పుటుక్కుమని తెగుతుంటే, చుట్టను ఒక రోజంతా నీళ్లల్లో నానబెట్టి వాడండి. నైలాన్ నీళ్లు పీల్చుకుని మెత్తబడుతుంది. నేనూ మొదట నమ్మలేదు.

నాయుడుపేట నేస్తం | అక్టోబర్ 13, ఉదయం 9.40

మా ఊళ్లో కొందరు వైరు బదులు సైకిల్ బ్రేకు తీగ కడుతున్నారు. అస్సలు తెగదట. ఎవరైనా వాడారా?

పాత చింతచెట్టు | అక్టోబర్ 13, ఉదయం 10.20

దయచేసి వద్దు. ఆ హెడ్డు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. తీగ ముక్క తెగితే ఎటు పోతుందో కంటికి కనబడదు, ఎవరి కాలిలోనో దిగాక తెలుస్తుంది. నైలాన్ తెగడం లోపం కాదు, తెగాలనే అది పెట్టింది.

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతాను. ఈ వైరు ఆలోచన 1971లో అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రం హ్యూస్టన్‌లో, జార్జ్ బల్లాస్ అనే ఆయనకు వచ్చింది. కార్లు కడిగే చోట గిర్రున తిరిగే బ్రష్షులను చూశాడు. ఇంటికి వెళ్లి ఒక డబ్బాకు కన్నాలు పెట్టి, చేపల గాలానికి కట్టే నైలాన్ దారం గుచ్చి తిప్పాడు. బ్లేడు చేరలేని చెట్టు మొదళ్ల దగ్గర గడ్డి తీయడానికే అంత తంటాలు. మనం మళ్లీ ఇనుప తీగ కట్టి వెనక్కి పోవడం ఎందుకు?

ఇంకా గార్డు. పొడుగు వైరు కోసం చాలామంది గార్డు పీకేస్తారు. ఆ గార్డు అంచున చిన్న కత్తి ఉంటుంది, వైరును సరైన పొడుగుకు కోయడానికి. గార్డు తీసేస్తే వైరు పొడుగవుతుంది, ఇంజిన్ మూలుగుతుంది, క్లచ్ వేడెక్కి కాలుతుంది. రాయి వచ్చి మోకాలి చిప్పకు తగలడం సరే సరి. శేషాచలం అంచు పొలాల్లో మట్టి కంటే రాయే ఎక్కువ. కోసేటప్పుడు చుట్టూ 15 మీటర్లలో మనిషి గానీ, గొడ్డు గానీ ఉండకూడదు.

పాకాల తోపు | అక్టోబర్ 13, ఉదయం 11.00

దానికి తోడు పాములు. ఈ వానలకు మోకాలి ఎత్తు గడ్డిలో రక్తపింజరి చుట్టుకుని పడుకుని ఉంటే ఆకుల్లో ఆకులాగా ఉంటుంది. ముందు పొడుగు కర్రతో గడ్డి తట్టి, కాసేపు ఆగి, గమ్ బూట్లు వేసుకుని దిగండి. మిషన్ శబ్దానికి పారిపోతుందిలే అనుకోవద్దు. పాము కరిస్తే నాటు వైద్యం వెంట తిరక్కుండా నేరుగా పెద్దాసుపత్రికి, మన వైపు వాళ్లు తిరుపతి రుయాకు పోవాలి.

బంగారుపాళ్యం బుల్లెట్ | అక్టోబర్ 13, మధ్యాహ్నం 12.30

ఇంత గొడవ ఎందుకన్నా, గడ్డి మందు కొట్టేస్తే ఆరు నెలలు నిశ్చింత.

పాకాల తోపు | అక్టోబర్ 13, మధ్యాహ్నం 12.55

తమ్ముడూ, నువ్వనేది గ్లైఫోసేట్ అయితే, 2022 అక్టోబర్‌లోనే కేంద్రం దాని మీద ఆంక్ష పెట్టింది. పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప వేరేవాళ్లు వాడకూడదు. చట్టం పక్కన పెట్టినా, వాలు నేల మీద గడ్డి వేళ్లతో సహా చచ్చిపోతే నవంబర్ తుఫాను వానకు మట్టి అంతా వంకలోకి పోతుంది. కోసిన గడ్డి చెట్టు కిందే పరిస్తే తేమ ఆగుతుంది. ఒక్క వయ్యారిభామను మాత్రం కోయడం కాదు, పూతకు రాకముందే చేతికి గ్లౌజు వేసుకుని పీకేయాలి. అది ఒంటికి తగిలితే దురద, కొందరికి ఆయాసం. పూత మీద ఉన్నప్పుడు మిషన్ పెట్టారంటే పుప్పొడి అంతా మొహం మీదే.

పేరూరు పెరడు | అక్టోబర్ 13, రాత్రి 8.45

నేను ఒకటి అడిగితే పది తెలిశాయి. ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఫోర్ స్ట్రోక్ తీసుకుంటే ఆయిల్ కలిపే బాధే ఉండదు కదా? నా దగ్గరా, తోపులో ఆయన దగ్గరా ఆ కొలత కుదరదని ఆరేళ్లలో తేలిపోయింది. రెండు చోట్లకూ బ్యాటరీదే ఒకటి అయితే ఎట్లా ఉంటుంది అక్కా?

మల్లెపందిరి | అక్టోబర్ 13, రాత్రి 9.10

తోపుకు వద్దండి. నా దానికి 36 వోల్టులు, 4 ఆంపియర్ అవర్ బ్యాటరీ. గుణిస్తే 144 వాట్ అవర్లు. గడ్డి ఒత్తుగా ఉండి మోటారు 400 వాట్లు లాగిందనుకోండి, దాదాపు ఇరవై నిమిషాలే. నా ఐదు సెంట్లకు ఇరవై నిమిషాలు చాలు, తర్వాత నేనే అలసిపోతాను. 56 సెంట్లకు మాత్రం బ్యాటరీలు సంచిలో మోసుకెళ్లాలి, అవి అయిపోతే పాకాల తోపులో ఛార్జింగ్ ఎక్కడ? ఎండలో కారులో బ్యాటరీ వదిలేయడం కూడా మంచిది కాదు. మిషన్ కన్నా బ్యాటరీకే సగం ఖర్చు, కొన్నేళ్లకు మార్చుకోవాల్సిందీ అదే. కొనేటప్పుడు ఆ బ్యాటరీ ఇక్కడే అంగట్లో విడిగా దొరుకుతుందా అని అడిగి కొనండి.

స్పానర్ మామ | అక్టోబర్ 13, రాత్రి 9.40

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు.

ఫోర్ స్ట్రోక్ మంచి ఆలోచనే, కానీ కళ్లు మూసుకుని కాదు. మంచి వైపు: పెట్రోల్ విడిగా, ఆయిల్ విడిగా. హోండా జీఎక్స్35 ఇంజిన్ తీసుకో, 35.8 సీసీ, లోపల పట్టే ఆయిల్ 100 మి.లీ. మాత్రమే. ఎటు వంచినా నడుస్తుంది. పెట్రోల్ తక్కువ తాగుతుంది, శబ్దం కూడా చెవికి కొంచెం మెత్తగా ఉంటుంది. చెడ్డ వైపు: ధర, బరువు. వాల్వులు ఉంటాయి కాబట్టి అప్పుడప్పుడూ గ్యాప్ చూడాలి. ఆ 100 మి.లీ. ఆయిల్‌లో ముప్పై తగ్గినా తేడా కొడుతుంది. టూ స్ట్రోక్‌లో ఆయిల్ కలపడం మరిచిపోతే ఇంజిన్ పోతుంది, ఫోర్ స్ట్రోక్‌లో ఆయిల్ చూడటం మరిచిపోతే పోతుంది. మరిచిపోయేవాడికి ఏ మిషనైనా ఒకటే. కాకపోతే, మూత తిప్పి చూడమని చెప్పడం సిరంజితో కొలవమని చెప్పడం కంటే తేలిక.

స్టిల్ కంపెనీలో 4-మిక్స్ అని ఒక రకం ఉంది. అది ఫోర్ స్ట్రోకే, అయినా ఆయిల్ పెట్రోల్‌లోనే 50:1 కలపాలి. పేరు చూసి మోసపోవద్దు. ఇంజిన్ గొప్పదే, నీ అవసరానికి మాత్రం కుదరదు.

అన్నింటికంటే ముఖ్యం, నువ్వు కొనే అంగట్లో స్టార్టర్ తాడు, కార్బరేటర్, క్లచ్ విడిగా అమ్ముతారా? కొనే రోజే అడుగు. ‘తెప్పిస్తాం సార్’ అన్నారంటే లేవని అర్థం.

పలమనేరు పాడి | అక్టోబర్ 13, రాత్రి 10.15

వీపుకు తగిలించుకునే రకం అయితే గెనిమల మీద, వాలులో తేలిక. చదునైన తోపులో పక్కకు తగిలించుకునేదే మంచిది, రెండు చేతుల హ్యాండిల్‌తో కొడవలి తిప్పినట్టు లయగా పోతుంది. బెల్టు మాత్రం రెండు భుజాలకూ వచ్చేది తీసుకోండి. కొనడానికి ముందు మీ రైతు సేవా కేంద్రంలో సబ్సిడీ ఏమైనా నడుస్తోందా అని ఒక మాట అడగండి, బిల్లు అయ్యాక అడిగితే లాభం లేదు.

పేరూరు పెరడు | అక్టోబర్ 19, సాయంత్రం 6.30

కొన్నాను. జీఎక్స్35 ఇంజిన్ ఉన్నదే, పక్కకు తగిలించుకునే రకం, రెండు భుజాల బెల్టు. సబ్సిడీ అడిగాను, ప్రస్తుతానికి లేదన్నారు. రేణిగుంట రోడ్డులో రెండు అంగళ్లు తిరిగాను. మొదటి చోట ‘తెప్పిస్తాం సార్’ అన్నారు, మామ మాట గుర్తొచ్చి బయటికి వచ్చేశాను. రెండో చోట గల్లా పక్కనే కార్బరేటర్, తాడు, క్లచ్ షూలు వేలాడుతున్నాయి. అక్కడే తీసుకున్నాను. బడ్జెట్ దాటింది. ఎంత దాటిందో ఇంట్లో ఇంకా చెప్పలేదు, కాబట్టి ఇక్కడా చెప్పను.

నాయుడుపేట నేస్తం | అక్టోబర్ 19, సాయంత్రం 6.48

ఆయుధ పూజ అయిపోయాక కొన్నారే! నిమ్మకాయ అయినా కట్టారా?

పేరూరు పెరడు | అక్టోబర్ 19, సాయంత్రం 7.02

మా అమ్మ వదులుతుందా? పసుపు, కుంకుమ, నిమ్మకాయ అన్నీ అయ్యాయి. ట్యాంకు మూత మీద బొట్టు ఇంకా ఉంది.

పేరూరు పెరడు | అక్టోబర్ 27, రాత్రి 8.10

తోపులో మొదటి రోజు సంగతి. ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి పదిన్నర దాకా నేను, ఆయన మార్చి మార్చి పట్టుకుని పద్దెనిమిది చెట్ల కింద శుభ్రం చేశాం. రెండుసార్లు పెట్రోల్ పోశాం. మొదటి లాగుడుకే స్టార్ట్ అయితే ఆయన నమ్మలేక ఆపేసి మళ్లీ లాగి చూశాడు. ఆయిల్ చూడటం ఆయనకు అప్పగించాను. బీడీ వెలిగించే ముందు చూడాలని పెట్టుకున్నాడట, మిషన్‌కు దూరంగా వెళ్లే వెలిగించమన్నాను.

తప్పు నేనే చేశాను. గడ్డి కింద డ్రిప్ లాటరల్ ఉన్న సంగతి మరిచి బ్లేడు పెట్టాను. 16 మి.మీ. పైపు మూడు చోట్ల తెగింది. జాయింట్లు దొరికాయి గానీ మధ్యాహ్నం అంతా దానికే పోయింది. ఇక లాటరల్స్ అన్నీ ముందు చెట్టు మొదలుకు చుట్టి పెట్టి, ఆ తర్వాతే మిషన్.

బ్లేడు తీసి వైరు హెడ్డు పెట్టబోతే నట్టు రాలేదు. ఆయన పైపు పెట్టి బలంగా తిప్పుతున్నాడు, ఇంకా బిగిసిపోతోంది. తేడా ఏమైనా ఉందా మామా?

స్పానర్ మామ | అక్టోబర్ 27, రాత్రి 8.22

ఆపు ఆపు! ఆ నట్టు ఎడమ మర. మామూలు నట్టు బిగించే వైపు తిప్పితేనే అది వదులుతుంది. గేర్ బాక్స్ పక్క కన్నంలో చిన్న కడ్డీ దూర్చి తిరక్కుండా పట్టుకుని విప్పు. అదే చేత్తో గేర్ బాక్స్ గ్రీజు కూడా చూసుకో, పాతిక గంటల పనికి ఒకసారి పెట్టాలి. అంగట్లో ఇచ్చే పిడికెడు ట్యూబ్ ఏళ్ల తరబడి వస్తుంది.

పేరూరు పెరడు | అక్టోబర్ 27, రాత్రి 8.51

వచ్చేసింది. ఆయన మీకు దండం పెట్టమన్నాడు.

బంగారుపాళ్యం బుల్లెట్ | అక్టోబర్ 28, ఉదయం 7.15

అన్నా, మీ పాత మిషన్ పారేస్తారా? నాది నిన్న ఆగిపోయింది. మామ దగ్గరికి తీసుకెళ్తే ఇంజిన్ బాగుచేయవచ్చు గానీ గేర్ బాక్స్ పళ్లు పోయాయన్నాడు. మీది రాడ్డు ఎంత లావు?

పేరూరు పెరడు | అక్టోబర్ 28, ఉదయం 7.40

26 మి.మీ., లోపలి రాడ్డుకు తొమ్మిది పళ్లు. లెక్కపెట్టి మరీ చెబుతున్నాను. గేర్ బాక్స్ బాగానే ఉంది. ఆదివారం పొద్దున ఎనిమిదికి రా తమ్ముడూ, ఊరికే తీసుకెళ్లు. వచ్చేటప్పుడు సిరంజి ఒకటి కొనుక్కుని రా.